వజ్రాల గనిలో తేలిన ఓడ

2008 ఏప్రిల్ 1. నమీబియా దక్షిణపు కొసన ఒరాంజెముండ్ ఊరి దగ్గర, అట్లాంటిక్ ఒడ్డున వజ్రాల గని. సముద్రంలోకి ఇసుకతో పెద్ద కట్ట పోసి, లోపలి నీళ్లు తోడేసి, నిన్నటిదాకా కెరటాల కింద ఉన్న నేలను యంత్రాలు గీరుతున్నాయి. ఆ గుంత అడుగున తిరుగుతున్న భూగర్భ శాస్త్రవేత్త కాలికి అర్ధగోళం ఆకారంలో ఓ రాయి తగిలింది. వంగి తీశాడు. రాయి అంత బరువుండదు. తడి తుడిస్తే మీద త్రిశూలంలాంటి ముద్ర.

అది రాగి ముద్ద. చుట్టూ చూస్తే అలాంటివే ఎన్నో. వాటి మధ్య ఫిరంగులు, ఏనుగు దంతాలు, నల్లబడ్డ దుంగలు. ఆ చోట తవ్వకం ఆపేశారు. పురావస్తు శాస్త్రవేత్త డీటర్ నోలిని పిలిపించారు. తర్వాత సముద్ర పురావస్తు నిపుణుడు బ్రూనో వెర్జ్ వచ్చాడు, పోర్చుగల్ నుంచీ నిపుణులు వచ్చారు.

బంగారం కూడా బయటపడింది. రెండు వేలకు పైగా నాణేలు, ఎక్కువ భాగం స్పెయిన్‌వి. పత్రికలన్నీ ఆ పసుపు మెరుపునే అచ్చేశాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ తర్వాతి నెలల పని. బంగారం చేజిక్కింది కదా, ఇక చాలని ఎవరూ అనలేదు. ఏ వస్తువు ఎక్కడుందో, దేని కింద ఉందో, ఏ దిక్కుకు ఒరిగిందో రాసుకుంటూ, గీసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ ముందుకు కదిలారు. వందల ఏళ్లు నీటిలో నానిన చెక్క ఎండితే పగిలిపోతుంది, అందుకని తడి ఆరనివ్వకూడదు. అవతల అట్లాంటిక్ ఇసుక కట్టను రాత్రింబగళ్లు కోసేస్తూనే ఉంది. బుల్‌డోజర్లు మళ్లీ మళ్లీ ఇసుక నెట్టాలి. ఆ ఖర్చు ఎంతకాలమని భరిస్తారు? అక్టోబరు 10 దాకా గడువు పెట్టారు. ఆలోపు నమోదు కానిది మళ్లీ సముద్రానిదే.

ఆ నమోదులోంచే ఓడ కథ బయటికొచ్చింది. త్రిశూలం ముద్ర జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఫుగ్గర్ వర్తక కుటుంబం వ్యాపార చిహ్నం. బంగారు నాణేల్లో కొన్ని పోర్చుగల్ రాజు మూడో జొవావ్ కాలం నాటివి. 1525 నుంచి 1538 వరకే వాటిని ముద్రించారు, ఆపైన వెనక్కి తీసుకుని కరిగించేశారు. అంటే ఓడ ఆ పదమూడేళ్లలోనే మునిగింది. మరి వెళ్తూనా, వస్తూనా? సరుకులో ఉన్నది మిరియాలు కాదు, మిరియాలు కొనడానికి తీసుకెళ్లే రాగి, బంగారం. కాబట్టి ఇండియాకు వెళ్తూ మునిగింది. ఆ ఏళ్లలో ఈ దారిన తప్పిపోయిన ఓడ కోసం లిస్బన్ పాత కాగితాలు తిరగేస్తే ఒక పేరు సరిపోయింది: బోమ్ జెజుస్. పేరు చెక్కిన పలక ఏదీ దొరకలేదు గానీ, ఇన్ని ఆనవాళ్లు ఒక్క దగ్గరికి చేరాక ఆ పేరే నిలిచింది.

1533 మార్చిలో లిస్బన్ రేవు వదిలింది ఆ ఓడ. కెప్టెన్ డోమ్ ఫ్రాన్సిస్కో ది నొరొన్యా. మన దగ్గర విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న రోజులవి. నాలుగు నెలల తర్వాత తుపాను. తోటి ఓడలు కనుమరుగయ్యాయి. గాలి ఈ ఓడను తీరం వైపు తోసుకొచ్చింది. ఒడ్డు చాలా దగ్గరని తెలిసేసరికే అడుగు రాతికి కొట్టుకుని ఉంటుంది. ఓడ ఒరిగి, రాగి ముద్దలన్నీ ఒక్కసారిగా జారి ఉంటాయి. వాటి బరువు కింద దుంగలు, దంతాలు ఇసుకలో కూరుకుపోయాయి. చెక్కను తినే పురుగుల్ని రాగి దగ్గరికి రానివ్వలేదు. శిథిలాల్లో మనుషుల ఎముకలు దాదాపు లేవు. చాలామంది ఒడ్డుకు చేరి ఉండొచ్చు. దక్షిణంగా పాతిక కిలోమీటర్లు నడిస్తే ఆరెంజ్ నది, మంచినీళ్లు. ఆ దిక్కు వాళ్లకు తెలిసిందో లేదో!

దంతాల మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. వందకు పైగా దొరికాయి. 2020లో వాటి డీఎన్ఏ పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. పశ్చిమ ఆఫ్రికా అడవి ఏనుగులవి, కనీసం 17 వంశాలకు చెందినవి. వాటిలో నాలుగు మాత్రమే నేటి ఏనుగుల్లో కనిపించాయి. దంతాలన్నీ ఏ వ్యాపారి చేతికో పోయి ముక్కలై అమ్ముడుపోతే, ఆ మిగతా వంశాలు ఒకప్పుడు ఉండేవన్న సంగతే మనకు తెలిసేది కాదు.

అది పోర్చుగల్ రాజుగారి ఓడ గనక ఆ దేశం హక్కు అడగొచ్చు. అడగలేదు. సంపదంతా నమీబియాకే మిగిలింది. నాకు ఈ నిర్ణయం మీద చాలా గౌరవం.

మన కోస్తాలో ఉండేవాళ్లకు ఒక మాట. తుపాను వెలిశాక ఇసుకలో పాత ఓడ దుంగ తేలితే పొయ్యిలోకి నరకకండి, ఇంటికి మోసుకుపోకండి. ఉన్నచోటే ఉంచి ఫొటో తీసి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు చేయండి.