మార్టీ మాన్

మార్టీ మాన్ (1904–1980) తాగుడు నుంచి బయటపడి, ఆ సంగతిని నలుగురిలో చెప్పుకున్న అమెరికన్ ఉద్యమకారిణి. షికాగోలో కలిగిన కుటుంబంలో పుట్టారు. ముప్పై ఏళ్లు దాటేసరికి మద్యం ఆమెను ఆస్పత్రుల పాలు చేసింది. కనెక్టికట్‌లోని బ్లైత్‌వుడ్ శానిటోరియంలో ఉండగా డాక్టర్ హ్యారీ టీబౌట్ ఆమె చేతిలో ఒక టైపు ప్రతి పెట్టారు. అది తాగుడు మానేందుకు ఒకరికొకరు తోడ్పడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం వారి పుస్తకం, ఇంకా అచ్చుకాలేదు. అందులో దేవుడి ప్రస్తావన చూసి ఆమె మొదట మండిపడ్డారు. అయినా 1939లో బ్రూక్లిన్‌లో, సంఘ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ ఇంట్లో జరిగే సమావేశానికి వెళ్లారు. ఆ సంఘంలో తాగుడు మానగలిగిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. తాగే మగవాడి మీద కాస్తో కూస్తో జాలి చూపే సమాజం తాగే ఆడదాన్ని గడప తొక్కనివ్వని రోజులవి. ఆమె తెగువ విలువ అక్కడే తెలుస్తుంది.

1944లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అండతో మద్యవ్యసనంపై జాతీయ అవగాహన సంఘాన్ని స్థాపించారు. ఊరూరా తిరిగి ఆమె చెప్పినవి మూడే మాటలు: మద్యవ్యసనం జబ్బు; రోగిని బాగుచేయవచ్చు, బాగుచేయాలి కూడా; ఇది ప్రజారోగ్య సమస్య కాబట్టి బాధ్యత అందరిదీ. ఇలాంటి ప్రచారం నేపథ్యంలో 1970లో అమెరికా కాంగ్రెస్ చేసిన హ్యూస్ చట్టం వ్యసన చికిత్సకు, పరిశోధనకు ప్రభుత్వ నిధులు తెచ్చింది. 1976లో ఆమె సంఘం వాషింగ్టన్‌లో ఏర్పాటు చేసిన సభలో చంద్రుడిపై నడిచిన బజ్ ఆల్డ్రిన్ సహా 52 మంది ప్రముఖులు తాము మద్యవ్యసనం నుంచి కోలుకున్నామని ప్రకటించారు.