గృహిణి పేరుతో ఒక పోరాటం

"మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అనడం మనలో చాలామందికి అలవాటు. పొద్దున్నే పాలపొయ్యి ముట్టించింది మొదలు రాత్రి తలుపు గడియ పెట్టేదాకా నడుం వాల్చని మనిషి "ఏమీ లేదు" అనడం ఎంత చోద్యమో చూడండి! ఆ మాట అననంటూ, గృహిణి అన్న పేరునే జెండాగా పట్టుకుని, అమెరికాలో ఒక రాజ్యాంగ సవరణకే అడ్డం నిలిచిన స్త్రీ ఒకామె ఉంది. ఆమె పేరు ఫిలిస్ ష్లాఫ్లీ. ఆమె వాదం మనకు నచ్చినా నచ్చకపోయినా, కథ మాత్రం తెలుసుకోదగినది.

ఆమె 1924లో సెయింట్ లూయిస్ నగరంలో పుట్టింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో తండ్రి ఉద్యోగం పోతే, తల్లి ఉద్యోగం చేసి సంసారం లాక్కొచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫిలిస్ రాత్రిళ్లు తూటాల కర్మాగారంలో, తుపాకులు పేల్చి తూటాలు పరీక్షించే పని చేస్తూ, పగలు చదువుకుని 1944లో పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడాది రాడ్‌క్లిఫ్‌లో ఎం.ఎ. కూడా అయింది. 1949లో ఒక లాయరుగారిని పెళ్లాడి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్‌లో కాపురం పెట్టింది. వాళ్లకు ఆరుగురు పిల్లలు.

పిల్లలను పెంచుతూనే రాజకీయాల్లో తిరిగింది. 1952లోనూ, 1970లోనూ అమెరికన్ కాంగ్రెసుకు పోటీచేసి రెండుసార్లూ ఓడిపోయింది. నడుమ 1964లో రిపబ్లికన్ పార్టీ పెద్దలను దుయ్యబడుతూ ఒక చిన్న పుస్తకం రాసి సొంతంగా అచ్చు వేయించింది. అది ముప్ఫై లక్షల ప్రతులకు పైగా పోయింది! 1967 నుంచి నెలనెలా ఒక చిన్న పత్రిక ఇంటినుంచే నడిపింది.

అసలు కథ 1972లో మొదలైంది. స్త్రీ అన్న కారణంగాగాని, పురుషుడన్న కారణంగాగాని చట్టం ముందు ఎవరికీ సమానహక్కు కాదనరాదు అనే సవరణను ఆ ఏడాది మార్చిలో అమెరికన్ కాంగ్రెసు ఆమోదించింది. ఉన్న 50 రాష్ట్రాలలో 38 రాష్ట్రాలు ఏడేళ్లలోగా ఒప్పుకుంటే అది రాజ్యాంగంలో చేరుతుంది. ఏడాది తిరిగేసరికి 30 రాష్ట్రాలు ఒప్పేసుకున్నాయి. ఇంకేముంది, అయిపోయినట్టే అనుకున్నారంతా.

అప్పుడు ష్లాఫ్లీ లేచింది. ఇది వస్తే ఆడపిల్లలను కూడా సైన్యంలోకి లాక్కుపోతారు, భార్యను పోషించే బాధ్యత భర్తకి తప్పిపోతుంది, వయసు మళ్లిన గృహిణి గతి ఏం కాను? ఇదీ ఆమె వాదం. ఇల్లే లోకంగా బతికిన స్త్రీల గుండెల్లో ఆ మాట సూటిగా దిగింది. వాళ్లు ఇంట్లో చేసిన రొట్టెలు, జాములు పట్టుకెళ్లి శాసనసభ్యుల చేతుల్లో పెట్టి, వద్దని ఓటు వేయమన్నారు. వంటింటి వస్తువుతో రాజకీయం నడిపిన నేర్పు చూడండి! 1973 నుంచి సి.బి.ఎస్. రేడియోలో వ్యాఖ్యాతగా ఆమె గొంతు ఇంటింటా వినిపించింది. సభల్లో అయితే, తనను రానిచ్చినందుకు ముందుగా భర్తకు కృతజ్ఞతలు చెప్పేది. ప్రత్యర్థులు మండిపడేవారు. ఆమె మాత్రం చిరునవ్వు చెదరనిచ్చేది కాదు.

"లాయరువి కావు, రాజ్యాంగం నీకేం తెలుసు?" అని దెప్పేవారికి జవాబుగా, యాభై దాటిన వయసులో లా కాలేజీలో చేరి, 1978లో పట్టా తెచ్చుకుంది. ఆ పట్టుదలకు ఎవరైనా నమస్కారం పెట్టవలసిందే.

కాని సోదరీమణులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. భర్త పోషిస్తాడన్న ఆ హక్కు నిజంగా చట్టంలో అంత గట్టిగా ఉండేదా? 1953లో నెబ్రాస్కా రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. భర్త బాగా ఆస్తిపరుడైన రైతు. ఇంట్లో మాత్రం స్నానాల గది కూడా లేదు. చేతికి డబ్బివ్వడు. భార్య ఎన్నో ఏళ్లు ఓర్చి, ఓర్చి, చివరకు కోర్టుకెక్కింది. కింది కోర్టు ఆమె వైపే చెప్పింది. పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఇద్దరూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నంత కాలం ఇంటి ఖర్చుల సంగతిలో కోర్టు తలదూర్చదన్నది. అంటే పోషణ కావాలంటే కాపురం వదులుకోవాలన్నమాట! పోతుందని ష్లాఫ్లీ భయపెట్టిన హక్కు, కాపురంలో ఉన్న ఆ ఇల్లాలికి అందనే లేదు.

గడువు 1982 జూన్ 30 దాకా పొడిగించినా, 35 రాష్ట్రాల దగ్గరే బండి ఆగిపోయింది. ఒప్పుకున్న వాటిలో అయిదు మళ్లీ మాట వెనక్కి తీసుకున్నాయి. ష్లాఫ్లీ గెలిచింది. 2016లో కన్నుమూసేదాకా రాస్తూ, మాట్లాడుతూనే ఉంది. ఆమె పోయిన రెండేళ్లకు, 2018లో, ఆమె సొంత రాష్ట్రమైన ఇల్లినాయే ఆ సవరణకు ఒప్పుకుంది. 2020లో వర్జీనియా 38వది అయింది. అయినా గడువు దాటిపోయిందన్న చిక్కు మీద వివాదం తెగలేదు.

ఇల్లే స్త్రీకి చోటన్న ఈమె, పుస్తకాలు రాసి, ఎన్నికల్లో నిలబడి, రేడియోలో మాట్లాడి, లాయరు పట్టా తెచ్చుకుంది. ఇది వంచన అన్నారు కొందరు. ఇల్లు, లోకం రెండూ చక్కబెట్టిన సమర్థురాలన్నారు కొందరు. నాకు తోచేది ఇంకొకటి. సమానత్వం కోరినవారు గృహిణి భయాన్ని మొదట్లో చిన్నచూపు చూశారు. ష్లాఫ్లీ ఆ భయాన్ని గుర్తించింది గాని, దానికి మందు వెయ్యలేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టి, ఇల్లాలి చేతికి ఆధారం చూపించే చట్టం కావాలని ఆమె పోరాడి ఉంటే ఎలా ఉండేదో!

ఎవరైనా వచ్చి "మీ మంచికే చెబుతున్నాం" అన్నప్పుడు, అటువైపు వారైనా ఇటువైపు వారైనా, మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రేపు నాకు కష్టం వస్తే, ఈ కాగితం నాకు అన్నం పెడుతుందా? ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా చప్పట్లు కొట్టే తొందర మనకెందుకు?