స్వయంచాలిత ఆయుధాల నియంత్రణ: సింగరేణి ప్రాంత పౌరహక్కుల నేపథ్యం

మనిషి మీట నొక్కకుండానే లక్ష్యాన్ని గుర్తించి, ఎంచుకుని, దాడి చేసే ఆయుధాలను స్వయంచాలిత ఆయుధాలంటారు. వీటిని చట్టం కట్టడి చేయాలన్న వాదన అంతర్జాతీయ వేదికలపై 2012 తర్వాత బలపడింది. అందులోని మూలప్రశ్న తెలంగాణ బొగ్గుగనుల ప్రాంతంలో అంతకు చాలా ముందే తలెత్తింది: రాజ్యం ఒక ప్రాణం తీస్తే సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి?

ఎన్‌కౌంటర్ల కాలం

1945లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చిన సింగరేణి కంపెనీ తర్వాతి దశాబ్దాల్లో రామగుండం వైపు విస్తరించింది. గోదావరిఖని అలా బొగ్గు బాయిల చుట్టూ పెరిగిన పట్టణం. 1980ల ఆరంభంలో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ అండతో పుట్టిన సింగరేణి కార్మిక సమాఖ్యను కార్మికులు సికాస అనేవారు. సమ్మెలు, నిర్బంధం, సాయుధుల హత్యలు, ఎన్‌కౌంటర్లు కలగలిసిన కాలమది. 1992లో ప్రభుత్వం సికాసను నిషేధించింది.

చనిపోయినవారి ఊళ్లకు వెళ్లి నిజనిర్ధారణ చేసే పని ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం తలకెత్తుకుంది. అందుకు అది చెల్లించిన మూల్యం పెద్దది. సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం 1985లో వరంగల్‌లోని తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ 1983 నుంచి సంఘం ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. రాజ్యహింసతో పాటు నక్సలైట్ల హింసనూ ప్రశ్నించాలన్న ఆయన, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందున్నారు.

కేసు ఎవరి మీద?

ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసులు చనిపోయిన మనిషినే హత్యాయత్నం నిందితుడిగా చూపి కేసు రాసేవారు. నిందితుడు బతికి లేడు కాబట్టి కేసు మూసేసేవారు. కాల్చినవాడి చర్య మీద విచారణే ఉండేది కాదు. పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఈ పద్ధతిని తప్పుపట్టింది. మరుసటి ఏడాది మార్చిలో కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకెళ్లింది: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే నరహత్య కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న వాదనను కోర్టు విచారణలో రుజువు చేసుకోవాలి. సుప్రీంకోర్టు ఈ తీర్పును నిలిపివేసింది. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చింది.

స్వయంచాలిత ఆయుధాల చర్చకు ఈ తీర్పుల చరిత్ర ఎంతో ముఖ్యం. ఆత్మరక్షణ అనే మినహాయింపు ప్రాణభయం కలిగిన మనిషికి చట్టం ఇచ్చింది. యంత్రానికి ప్రాణమూ లేదు, భయమూ లేదు. అది కాలిస్తే బోనులో నిలబడాల్సింది ఎవరు? మోహరించిన అధికారా, ప్రోగ్రాం రాసిన ఇంజనీరా, తయారుచేసిన కంపెనీయా? ముందే తేల్చుకోకపోతే నేరం ఎవరి మీదా ఉండదు.

జెనీవా చర్చలు

2013లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి క్రిస్టాఫ్ హేన్స్ ఈ ఆయుధాల పరీక్ష, తయారీ, వాడకాలను తాత్కాలికంగా ఆపాలని దేశాలకు పిలుపునివ్వాలంటూ మానవ హక్కుల మండలిని కోరారు. ఈ ఆయుధాలపై చర్చించే ప్రభుత్వ నిపుణుల బృందం 2017లో జెనీవాలో తొలిసారి సమావేశమైనప్పుడు అధ్యక్షత వహించింది భారత రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్. 2021లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ స్పష్టమైన ప్రతిపాదన చేసింది: మనుషులను గురిచేసేవాటినీ, ప్రభావం ముందుగా అంచనా వేయలేనివాటినీ నిషేధించాలి, మిగిలినవాటికి లక్ష్యం, సమయం, ప్రదేశం విషయంలో హద్దులు పెట్టాలి.

2023 డిసెంబరులో ఈ అంశంపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానానికి 152 దేశాలు మద్దతిచ్చాయి. వ్యతిరేకించిన నాలుగింటిలో భారత్ ఒకటి. అయితే జెనీవా చర్చలు ఏకాభిప్రాయంతోనే సాగాలి కనుక ఒక్క దేశం అభ్యంతరం చెప్పినా ముందడుగు పడదు.

మిగిలిన ఖాళీ

జెనీవా చర్చలకు ఆధారమైన ఒప్పందం సాయుధ ఘర్షణలకు సంబంధించింది. అల్లర్లు, అంతర్గత కల్లోలాలు దాని పరిధిలోకి రావు. సింగరేణి ప్రాంతంలో జరిగిన ప్రతి ఎన్‌కౌంటరూ ప్రభుత్వ లెక్కలో పోలీసు చర్యే, అంటే ఆ ఒప్పందానికి బయటిదే. ఇక సాంకేతికత సంగతి చూస్తే, అదానీ గ్రూపు, ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ కలిసి పెట్టిన డ్రోన్ల కర్మాగారం 2018 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. ఆ డ్రోన్లను మనుషులే నడుపుతారు. కానీ నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించే సాంకేతికత వేగంగా దగ్గరపడుతోంది. 2025లో హ్యూమన్ రైట్స్ వాచ్ తన నివేదికలో పోలీసు వాడకాన్నీ చేర్చి, కట్టుబడి తీరాల్సిన ఒప్పందం కావాలని కోరింది. పోలీసు వాడకాన్ని కట్టడి చేయడానికి భారత్‌లో కొత్త పునాది తవ్వనక్కర్లేదు. కాల్చే నిర్ణయం పేరున్న అధికారిదై ఉండాలని, యంత్రం నమోదు చేసిన సమాచారాన్ని మేజిస్ట్రేటుకు అప్పగించాలని 2014 మార్గదర్శకాలకు చేర్చవచ్చు.