బొమ్మే దారి చూపిన కాలం: ఇమేజ్ మ్యాప్‌లు, స్లైస్‌లు

1993లో మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల నడుమనే బొమ్మలనూ చూపడం మొదలుపెట్టిన కొద్దికాలానికే, ఒకే బొమ్మలో వేర్వేరు చోట్ల నొక్కితే వేర్వేరు పేజీలు తెరుచుకునే ఏర్పాటు వెబ్‌లోకి వచ్చింది. దీనిని ఇమేజ్ మ్యాప్ అనీ, అందులో నొక్కదగిన ప్రతి భాగాన్నీ హాట్‌స్పాట్ అనీ అంటారు. తొలి పద్ధతిలో ఈ భాగాల హద్దులు బ్రౌజర్‌కు తెలియవు. నొక్కిన బిందువు అడ్డం, నిలువు కొలతలను అది సర్వర్‌కు పంపితే, అక్కడి ప్రోగ్రాం వాటిని ఒక పట్టికతో సరిచూసి ఏ పేజీ ఇవ్వాలో తేల్చేది. మోడెమ్‌ల కాలంలో ఈ అదనపు రాకపోకలు భారం కాగా, నొక్కేదాకా ఏ భాగం ఎక్కడికి తీసుకుపోతుందో తెలియకపోవడం అంతకంటే పెద్ద లోపం. హద్దులను పేజీలోనే రాసి, లెక్కను బ్రౌజర్‌కే అప్పగించాలని స్పైగ్లాస్ సంస్థకు చెందిన జేమ్స్ సీడ్‌మన్ చేసిన ప్రతిపాదన 1996లో ఆర్‌ఎఫ్‌సి అనే ఇంటర్నెట్ పత్రాల వరుసలో 1980వదిగా వెలువడి, 1997 జనవరి నాటి హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలో చోటు సంపాదించింది.

స్లైస్‌ల పద్ధతి దీనికి భిన్నమైనది. ఇందులో పేజీ మొత్తాన్ని ముందు బొమ్మగా గీసి, దానిని ముక్కలుగా కోసి, గీతలు కనిపించని టేబుల్ గడులలో ఎడం లేకుండా తిరిగి పేర్చేవారు. కోడ్‌లో ఒక్క ఖాళీ ఎక్కువైనా బొమ్మ మధ్య చీలిక కనిపించేది కనుక ఈ పనికి ఓపిక కావలసి వచ్చేది. అయినా లాభం ఉంది: ఫొటో ముక్కను జేపెగ్‌గా, చదును రంగుల ముక్కను జిఫ్‌గా విడివిడిగా కుదించవచ్చు, 1996లో నెట్‌స్కేప్ 3 వచ్చాక, మౌస్ పైకి రాగానే ఆ ఒక్క ముక్కనే జావాస్క్రిప్ట్‌తో మార్చవచ్చు. మాక్రోమీడియా ఫైర్‌వర్క్స్ (1998), ఇమేజ్‌రెడీతో కలిసి వచ్చిన ఫొటోషాప్ 5.5 (1999) అనే బొమ్మల ప్రోగ్రాంలు ఈ కోత పనిని, కోడ్ రాతను కూడా తామే చేసిపెట్టాయి. పాఠకుల కంప్యూటర్లలో తెలుగు ఫాంట్ ఉంటుందన్న భరోసా లేని ఆ రోజుల్లో, శీర్షికలను బొమ్మలుగా పెట్టడం తెలుగు సైట్లకు సోకు కాదు, అవసరం.

అయితే బొమ్మలోని అక్షరాలను వెతకలేము, అంధులకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. అందుకే 1999 మేలో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు హాట్‌స్పాట్‌లకు సమానమైన పాఠం ఉండాలని నిర్దేశించాయి. ఆ తరువాత పేజీ అమరికను నిర్దేశించే సీఎస్ఎస్ టేబుల్ గడుల అవసరాన్ని తీసివేయగా, చిన్న తెరల ఫోన్లు ఈ పద్ధతుల వాడుకను మరింత తగ్గించాయి. ఎందుకంటే పిక్సెళ్లలో బిగించిన హద్దులు బొమ్మతో పాటు కుంచించుకుపోవు. ఇమేజ్ మ్యాప్ మాత్రం హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో నేటికీ ఉంది. ఈ-పేపర్‌లో అచ్చు పేజీ బొమ్మ మీద ఒక వార్తను నొక్కితే అదొక్కటే విడిగా తెరుచుకోవడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.