ఆగిపోయిన బిడారు పేరే తండా

ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి మహబూబాబాద్ చుట్టుపక్కల కొంచెం జూమ్ చేయండి. తండా, తండా, మళ్లీ తండా. చాలావాటి ముందు ఎవరో ఒక నాయక్ పేరు ఉంటుంది. తండా అంటే చిన్న ఊరు అనేసుకుంటాం కదా. అసలు ఆ మాటకు మొదట్లో ఊరితో సంబంధమే లేదు.

తండా అంటే బిడారు. లంబాడీలు వందల, వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగేవాళ్లు. మొఘల్ సైన్యాలకు తిండిగింజలు మోశారు, మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లకూ మోశారు. అప్పటి సప్లై చైన్ అన్నమాట. ఆ కదిలే గుంపు పేరు తండా, దాన్ని నడిపేవాడు నాయక్. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చి ఎద్దులకు పని లేకుండా పోయింది. దానికి తోడు 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం, తిరిగే జనాల మీద దొంగలనే ముద్ర వేసింది. బిడారు ఆగింది. ఆగిన చోటుకి అదే పేరు మిగిలింది.

పాలెం కూడా ఇలాంటిదే, దండు విడిది చేసిన చోటు. పాళెగాడు అనే మాట అక్కడిదే. కండ్రిగ అంటే ఎవరికో రాసిచ్చిన భూమి ముక్క. సచిన్ 2014లో దత్తత తీసుకున్న పుట్టంరాజు కండ్రిగ గుర్తుందా, అప్పటి నెల్లూరు జిల్లాలో? అది.

పల్లె దగ్గర మాత్రం జాగ్రత్త. సినిమా పాటలో పల్లె అంటే పచ్చని పొలాలు. కోస్తాలో చాలాచోట్ల పల్లె అంటే ఊరి బయట దళితులుండే చోటు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాసిన ‘మాలపల్లి’ నవల పేరులో ఉన్నది ఆ పల్లే. ‘ఊళ్లోకి వెళ్తున్నా’ అనే మాట అక్కడివాళ్లకు వేరేగా వినిపిస్తుంది, ఎందుకంటే వాళ్లుండేది ఊరి లెక్కలో లేదు.

ఆఫీసు కాగితాల్లో ఇవన్నీ మజరాలు. అరబీలో సాగుభూమి అని అర్థం. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే రెవెన్యూ గ్రామం పేరెంట్ ఫోల్డర్, తండా దాని లోపల సబ్‌ఫోల్డర్. సర్పంచ్, పంచాయతీ ఆఫీసు, నిధులు అన్నీ పేరెంట్ దగ్గరే. వీధి దీపం కావాలన్నా పక్క ఊరి దయ. అందుకే ‘మా తండాలో మా రాజ్యం’ అని లంబాడీలు ఏళ్ల తరబడి అడిగారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో సర్పంచ్‌లను ఎన్నుకున్నాయి.

చాలావాటి బోర్డు మీద పాత పేరు అలాగే ఉంది: ఫలానా తండా గ్రామ పంచాయతీ. ఇక్కడ ఇంకో తమాషా. వేదకాలంలో గ్రామం అంటే పశువులు, బళ్లతో కదిలే గుంపు అని చాలామంది పండితులు చెప్తారు. అలాంటి రెండు గుంపులు ఎదురుపడితే సంగ్రామం.