సానాతో మతిమరుపు తగ్గుతుందా? ఫణిగిరి నుంచి ఫిన్లాండ్ దాకా ఒక చెమట గది కథ

వారానికి నాలుగుసార్లు సానాలో కూర్చుంటే ముసలితనంలో మతిమరుపు రాదని ఒక మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. మా గరిడేపల్లి దాకా వచ్చేసింది. ఇందులో నిజమెంతో ఈ రోజు చూద్దాం. ముందు చరిత్ర.

సానా అనగానే ఫిన్లాండ్ గుర్తొస్తుంది. 2020లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. కానీ వేడి గదిలో కూర్చుని చెమట పట్టించడం మన దేశంలోనూ చాలా పాతది. బౌద్ధుల వినయపిటకంలో దాని పేరు జంతాఘర. వైశాలిలో మంచి మంచి భోజనాలు తిని భిక్షువులు జబ్బు పడుతుంటే, జీవకుడనే వైద్యుడు బుద్ధుడికి రెండు సలహాలిచ్చాడట: నడవడానికి ఒక దారి, చెమట పట్టడానికి ఒక వేడి గది. ఆ గదికి పొగగొట్టం ఉండాలి, గది చిన్నదైతే పొయ్యి పక్కకు పెట్టాలి, ముఖం కాలకుండా మట్టి పూసుకోవాలి. ఇవన్నీ రూల్స్‌గా రాసి పెట్టారు. చరకసంహిత చెప్పిన 13 రకాల చెమట చికిత్సల్లోనూ జేంతాకం అని ఒకటుంది.

మన సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి గుట్ట తెలుసు కదా. సుమారు 2000 ఏళ్ల కిందట అక్కడ భిక్షువులుండేవారు. ఆ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకూ వెళ్లాయి. అంటే ఈ నియమాల లోకం మనకు దూరమైనదేం కాదు.

అయితే జీవకుడు చెప్పింది ఒంట్లో పేరుకున్న దోషాల గురించి. మతిమరుపు సంగతి 2017లో వచ్చింది. తూర్పు ఫిన్లాండ్‌లో 42 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు 2,315 మందిని పరిశోధకులు సుమారు 20 ఏళ్లు గమనించారు. 204 మందికి డిమెన్షియా వచ్చింది. వారానికి ఒక్కసారి సానా చేసేవాళ్లతో పోలిస్తే, 4 నుంచి 7 సార్లు చేసేవాళ్లలో ఆ ముప్పు 66 శాతం తక్కువగా కనిపించింది.

నంబర్ పెద్దదే. కానీ అందులో ఆడవాళ్లు లేరు. పైగా ఇది గమనించి లెక్కేసిన అధ్యయనమే, సానా చేయించి పరీక్షించింది కాదు. బీపీ, సిగరెట్, మద్యం లాంటివి లెక్కలోకి తీసుకున్నారు, నిజమే. అయినా అన్నిసార్లు వేడిలో కూర్చోగలిగినవాళ్లు ముందునుంచే ఆరోగ్యవంతులై ఉండొచ్చు. సర్వర్ లాగ్స్‌లో రెండు గ్రాఫులు కలిసి పెరిగితే ఒకటి రెండోదానికి కారణం అనేస్తామా? ఇదీ అంతే.

2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మనం మార్చగలిగే 14 కారణాలు చెప్పింది. అవన్నీ సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులు తప్పించడమో, వాయిదా వేయడమో చేయొచ్చంది. వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, ఒంటరితనం, ఒళ్లు కదపకపోవడం అందులో ఉన్నాయి. సానా లేకపోవడం అనేది లేదు.

మన ఇళ్లల్లో ఏం జరుగుతుందంటే, అవ్వకు చెవులు వినపడకపోతే మెల్లగా ఆమెతో మాట్లాడటమే తగ్గించేస్తాం. మర్చిపోతుంటే "వయసైపోయింది గదా" అని వదిలేస్తాం. అది వదిలేయాల్సింది కాదు, డాక్టర్‌కి చూపించాల్సింది. అంతేగానీ ఎండాకాలం మంటల్లో బీపీ ఉన్న తాతను వేడి గదిలో కూర్చోబెట్టకండి, ప్రాణం మీదికొస్తుంది.

జీవకుడి సలహాల్లో నడక కూడా ఉంది కదా, దానికి పైసా ఖర్చు లేదు. సాయంత్రం చల్లబడ్డాక తాతను అలా చెరువు కట్ట దాకా తీసుకెళ్లండి. దారిలో పాత ముచ్చట్లు అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.