వజ్రాన్ని గీసిన రీనియం డైబోరైడ్

ఫోన్ స్క్రీన్‌ని గీకి, గ్లాస్ ఎంత గట్టిదో తేల్చే వీడియోలు మీరు చూసే ఉంటారు. 2007లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, యూసీఎల్‌ఏ సైంటిస్టులు రిచర్డ్ కేనర్, సారా టోల్‌బర్ట్ టీమ్ దాదాపు అదే పని చేసింది. కాకపోతే గీత పడింది వజ్రం మీద! గీసింది రీనియం డైబోరైడ్.

వజ్రం ఉండగా ఇంకోటి ఎందుకు అంటారా? వజ్రమంటే కార్బనే కదా. ఇనుమును వేగంగా కోస్తే వేడి పుట్టి, ఆ కార్బన్ ఇనుములో కలిసిపోతుంది. పనిముట్టు త్వరగా అరిగిపోతుంది. ఉక్కును కోయడానికి బోరాన్ నైట్రైడ్ ఉంది, కానీ దాని తయారీకి విపరీతమైన పీడనం కావాలి. యూసీఎల్‌ఏ వాళ్లది మామూలు గాలి పీడనంలోనే తయారైంది. నా దృష్టిలో అసలు వార్త ఇదే.

రీనియంను 1925లో జర్మనీలో నోడాక్, ఇడా టాకే, బెర్గ్ కనిపెట్టి, రైన్ నది పేరు పెట్టారు. ఈ బోరైడ్ లోపలి నిర్మాణం 1962కే తెలుసు. ఒక పొర రీనియం, ఒక పొర బోరాన్. బోరాన్ పొర చదునుగా ఉండదు, ఇంటి పైకప్పు రేకులా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న రీనియం నొక్కితే నలగదు. బోరాన్ బంధాలేమో పొరల్ని సులువుగా జారనివ్వవు.

ఇక గొడవ. గట్టిదనం కొలవాలంటే వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంట సైజు చూస్తారు. 40 గిగాపాస్కల్స్ దాటితే 'సూపర్‌హార్డ్' అంటారు. 50 గ్రాముల బరువుతో నొక్కితే 48 వచ్చింది. 500 గ్రాములతో నొక్కితే? 30! అదే ఏడాది దుబ్రోవిన్స్కాయా, ఇంకొందరు 'సైన్స్' పత్రికలోనే అభ్యంతరం చెప్పారు, దీన్ని సూపర్‌హార్డ్ అనడానికి లేదని. యూసీఎల్‌ఏ వాళ్లూ తగ్గలేదు, జవాబు రాశారు. నేనైతే 30 వైపే ఉంటాను. లేత్ మెషీన్ మీద ఉక్కును ఎవరూ సుతారంగా కోయరు కదా! వజ్రం మీద గీత సంగతంటారా, వజ్రం కూడా అన్ని వైపులా ఒకేలా గట్టిగా ఉండదు.

పైగా రీనియం చాలా అరుదు, ఖరీదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం జెట్ ఇంజిన్లకే పోతుంది. అందుకే ఆ టీమ్ చౌకైన టంగ్‌స్టన్ వైపు తిరిగింది, పాత బల్బుల్లో తీగ ఉంటుంది చూడండి, ఆ లోహం. 2011లో టంగ్‌స్టన్ టెట్రాబోరైడ్ లెక్కలు బయటపెట్టారు. మెల్లగా నొక్కితే 43, గట్టిగా నొక్కితే 28.